ఏడాదికోసారి చనిపోయే కుర్చీలాయన

మా బావ బతికే ఉన్నాడు. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది. ఎందుకంటే ఈ ఊరి పెద్దమనుషుల్లో చాలామంది ఆయన పోయాడనే నమ్మారు. ఆయన కోసం చేతిరుమాళ్లు తడిపారు. తడిపాక, ఆయనే తెచ్చి వేసిన కుర్చీల్లో వెనక్కి వాలి ముక్కులు చీదుకున్నారు. ఎప్పుడో ఒకసారి పొరపాటున జరిగిందనుకోకండి. ఏటా అదే హాలు, అదే వేదిక, అదే చావు. ఆ వార్త వినిపించే మైకు మాత్రం నాది.

నాకు మైక్ సెట్ల వ్యాపారం. మా అక్క భర్తకి కుర్చీల వ్యాపారం. పెళ్లిళ్లకీ మీటింగులకీ కుర్చీలు, బల్లలు, పరదాలు అద్దెకిస్తాడు. ఆయన పేరు ఊళ్లో ఎవరికీ అవసరం పడలేదు, కుర్చీలాయన అంటే సరిపోతుంది. ఆయన కుర్చీలు ఎక్కడుంటే నా స్పీకర్లు దాదాపు అక్కడే ఉంటాయి. ఇన్నేళ్లు స్పీకర్ల పక్కన కూర్చుని ఉపన్యాసాలు విని విని, మైకు ముందు నిలబడ్డ మనిషి మీద నాకు గౌరవం పోయింది. నా నోరు మంచిది కాదని మా అక్క అంటుంది. ఆ నోటితోనే ఈ సంగతి చెబుతున్నాను కాబట్టి కాస్త ఓర్చుకోండి.

బావ నోరు వేరు. అది ఉన్నట్టే తెలియదు. నోట్లో వేలు పెట్టినా కొరకలేని మనిషి అంటారే, అదిగో, ఆ బాపతు. ఇంటి వెనక రేకుల షెడ్డులో కుర్చీలు ఒకదాంట్లో ఒకటి దూర్చి నడుమెత్తు వరసలుగా పేర్చుకుంటాడు. బయటికి పంపే ముందు ఒక్కో కుర్చీ వీపు మీద రెండు చేతులూ వేసి నొక్కి చూస్తాడు, ఆ తర్వాత స్వయంగా కూర్చుని చూస్తాడు. కాలు చీలినదీ, వీపు వదులైనదీ దొరికితే పక్కన పెట్టి ఇంట్లోకి పంపేస్తాడు. అందుకని మా అక్క ఇంట్లో ప్రతి కుర్చీకీ ఏదో ఒక జబ్బు. చుట్టాలు వచ్చినప్పుడు ఎవరు ఏ కుర్చీలో ఎటు ఒరిగి కూర్చోవాలో మా అక్క చెప్పాల్సి వస్తుంది. ముందు వరస కుర్చీలని మాత్రం తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి తుడుస్తాడు. అక్కడ తెల్లబట్టల వాళ్లు కూర్చుంటారట. వాళ్ల బట్టల మీద ఉన్న శ్రద్ధ ఈయనకి తన బట్టల మీద లేదు. ఎప్పుడూ కుడి భుజం మీదే మోయడం వల్ల ఆ భుజం కిందికి జారిపోయింది. చొక్కా తొడుక్కుంటే ఒకవైపు పొట్టిగా కనిపిస్తుంది.

ఆయన తాగడు. మందు వాసన పడితే లేచి అవతలికి పోతాడు. వాళ్ల నాన్న తాగుబోతు. ఏ వీధిలో పడి ఉన్నాడో వెతికి ఇంటికి తెచ్చుకోవడం బావ చిన్నప్పటి పని. దారిలో జనం నవ్వేవారట. ఆయన తన జీవితం గురించి నాతో విడమర్చి చెప్పిన సంగతి అదొక్కటే. నేను నా పెళ్లిలో స్నేహితులతో కాస్త పుచ్చుకుంటే ఆ సాయంత్రమంతా నాతో మాట్లాడలేదు. ఆ రోజు కుర్చీలు మాత్రం ఊరికే వేశాడు.

ఆయనకి ఇద్దరు పిల్లలు. పెద్దవాడు బళ్లో లెక్కలు బాగా చేసేవాడు. ఎంత బాగా అంటే, వాళ్ల మాస్టారు స్వయంగా ఇంటికి వచ్చి, ఒక వంకర కుర్చీలో అతి కష్టం మీద కూర్చుని, వీణ్ని ఆపకండి, పెద్ద చదువు చదివించండి అని చెప్పి వెళ్లాడు. చెప్పడం తేలికే. ఆ మాస్టారే ఇంకో మంచి పని చేశాడు, పేద పిల్లల చదువుకి దాతల్ని వెతికిపెట్టే సంస్థ ఒకటి ఉందని చెప్పి వాళ్ల దగ్గరికి పంపాడు. అక్కడి మేడమ్ పిల్లాణ్ని చూసింది, మార్కులు చూసింది, తీసుకుంది. అప్పటి నుంచి ఫీజులు, పుస్తకాలు, హాస్టలు, అన్నీ ఎవరో ముఖం తెలియని దాతలే కట్టారు.

ఇక్కడ నేను దాచేదేమీ లేదు. ఆ డబ్బు లేకపోతే మావాడు ఇవాళ వాళ్ల నాన్న పక్కన ఇంకో భుజం జార్చుకుని తిరిగేవాడు. వాడొక్కడే కాదు. ఆ సంస్థ చేయిపట్టుకున్న పిల్లల్లో ఒకమ్మాయి పెద్దాసుపత్రిలో నర్సు, ఒకడు బళ్లో టీచరు, ఒకడు కరెంటు ఆఫీసులో ఇంజనీరు. చదివించిన చేతికి ఎన్నిసార్లయినా దండం పెడతాను. ఆ చేయి ముందు పిల్లలు కట్టాల్సిన వేషం చూస్తేనే నాకు కంపరం.

ఏడాదికోసారి దాతలందరినీ పిలిచి సంస్థ ఒక సభ పెడుతుంది. పిల్లలు ఒక్కొక్కరే వేదికెక్కి తమ కథ చెప్పాలి. మొదటి ఏడాది మావాడు, నాన్న కుర్చీలు వేస్తారు, అమ్మ ఇల్లు చూసుకుంటుంది, నాకు లెక్కలంటే ఇష్టం అని చెప్పి దిగిపోయాడు. దాతలు బిస్కెట్లు తింటూ విన్నారు. ఒకాయన ఆవలించాడు కూడా. సభ అయ్యాక మేడమ్ మావాడి భుజం మీద చెయ్యేసి, ఇది మనసుని తాకలేదు బాబూ అంది.

ఈ మేడమ్ గురించి చెప్పాలి. ఆవిడ గొంతులో ఎప్పుడూ ఒక తడి ఉంటుంది. దాతలతో మాట్లాడేటప్పుడు అది పెరుగుతుంది, నాతో స్పీకర్ల అద్దె మాట్లాడేటప్పుడు ఆరిపోతుంది. కానీ ఒక్క పైసా తినే మనిషి కాదు. తింటే బాగుండేది, తిట్టడానికి సులువయ్యేది. పిల్లలు బాగుపడాలన్న తపన ఆవిడకి నిజంగానే ఉంది. అదే వచ్చిన చిక్కు. తపన ఉన్నవాళ్లకి అడ్డు చెప్పడం కష్టం, వాళ్లు ఎవరి మెడ మీద కాలు పెట్టినా మంచి పనికే పెట్టామంటారు.

రెండో ఏడాది కథ ఆవిడే చెప్పించింది. బావకి నడుం పడిపోయింది. మంచాన పడ్డాడు. ఆ మంచాన పడ్డ మనిషి అప్పుడు హాలు పక్క తలుపు దగ్గర నిలబడి, వరసలో ఎక్కడైనా కుర్చీ తక్కువైందా అని చూస్తున్నాడు. నడుం నొప్పికి ఇద్దరో ముగ్గురో కళ్లు ఒత్తుకున్నారు. చాలలేదు. ఆ మరుసటేడాది బావ తాగుబోతయ్యాడు. ఈసారి హాలు కదిలింది. అయితే సభ అయ్యాక దాతలకి ఒక అనుమానం పుట్టింది. తండ్రి తాగుబోతయితే మనం ఇచ్చే డబ్బు పిల్లాడి చేతికి వెళ్తోందా, తండ్రి సీసాకి వెళ్తోందా? మేడమ్ ఆలోచించింది. తాగుబోతు బతికుంటే చిక్కే. అందుకని మావాడు కాలేజీలో చేరిన ఏడాది, తాగి తాగి మా బావ చనిపోయాడు.

చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ అది బాగా పండింది. ముందు వరసలో, నడవ పక్కన, చేతులున్న కుర్చీలో ఒక పెద్దాయన కూర్చుంటాడు. పెద్ద బట్టల దుకాణం ఆయనది. చెవులు సరిగ్గా వినపడవు కాబట్టి ఆయన మాటలు హాలంతటికీ వినపడతాయి. ఆయన వెక్కి వెక్కి ఏడ్చి, అక్కడికక్కడే ఇంకో నలుగురు పిల్లల్ని చదివిస్తానన్నాడు. ఆయన్ని చూసి పక్కవాళ్లూ లేచారు. మా బావ ఒక్క చావుతో ఎందరు పిల్లలు బడికెళ్లారో మేడమ్‌కే తెలియాలి. ఇక ఆ చావుని ఆవిడ వదులుతుందా? మావాడి చదువైపోయి, ఇన్సూరెన్స్ ఆఫీసులో ఉద్యోగమొచ్చి, చొక్కా లోపలికి దోపుకుని వేరే ఇంట్లో ఉంటున్నా సరే, ప్రతి సభకీ వాణ్ని పిలిపిస్తుంది. వాడు వస్తాడు, వాళ్ల నాన్నని చంపుతాడు, శాలువా కప్పించుకుని వెళ్తాడు. ఏమిట్రా ఇది అని నేనొకసారి నిలదీస్తే, నా కథ వల్ల ఇంకొందరు పిల్లలు చదువుకుంటున్నారు మామయ్యా అన్నాడు. అబద్ధం కాదు. అందుకే నాకు ఇంకా ఒళ్లు మండింది.

మరి ఎవరూ గుర్తుపట్టలేదా అంటే, కుర్చీలు వేసేవాడి ముఖం ఎవరు చూస్తారండీ? కూర్చోవడానికి వచ్చినవాళ్లు కుర్చీనే చూస్తారు. తండ్రి పోయిన పిల్లాడి కోసం కన్నీళ్లు తుడుచుకుంటూనే ఒకావిడ ఆ తండ్రిని పిలిచి, ఫ్యాను కిందికి కుర్చీ జరపమంది. ఆయన జరిపాడు. ఇంకో సంగతి, ఆ సభకి కుర్చీలకి అద్దె లేదు. కొడుకుని చదివించారు కదా అని బావే వద్దన్నాడు. మేడమ్ అందుకు కాదనలేదు.

తన చావు విన్న మొదటిసారి, సభ అయ్యాక, కుర్చీలు బండికెక్కించేటప్పుడు కొడుకుని అడిగాడట, చావు సరే, తాగుడెందుకురా అని. మేడమ్ చెప్పింది నాన్నా అని వాడు నీళ్లు నమిలాడు. మళ్లీ ఆ ఊసెత్తలేదు బావ. మా అక్క మాత్రం ఆ సభ జరిగే హాలు ఛాయలకి కూడా వెళ్లదు. ఒకసారి కొడుకు సభ నుంచి తిన్నగా ఇంటికొచ్చి అన్నానికి కూర్చుంటే, కంచం పెడుతూ అంది. "ఆయన పోయాడంటివి కదరా. మరి నేను రోజూ ఎవరికి వండి పెడుతున్నాను?" వాడు తల దించుకుని తిని లేచాడు. మింగడం మాత్రం ఆపలేదు, నేను చూశాను.

ఇదంతా మాటల వరకే కాబట్టి నేనూ పళ్లు నూరుతూ ఊరుకున్నాను. తర్వాత చిన్నదాని వంతు వచ్చింది.

చిన్నది వాళ్లన్నలా లెక్కల పిల్ల కాదు. దానికి వాళ్ల నాన్న భుజం చదువు కావాలి. కీళ్లు పట్టేసినవాళ్లకీ, కండరాలు బిగుసుకున్నవాళ్లకీ వ్యాయామాలు చేయించి సరిచేస్తారే, ఆ ఫిజియోథెరపీ. చిన్నప్పటి నుంచి సాయంత్రం పూట వాళ్ల నాన్న భుజం పిసికి పిసికి దానికి ఆ పిచ్చి పట్టింది. పరీక్ష రాసింది, మంచి కాలేజీలో సీటు తెచ్చుకుంది. ఫీజు గడువులోగా కట్టకపోతే సీటు తర్వాతివాళ్లకి పోతుంది. బావా నేనూ కలిసి ఎంత గింజుకున్నా మొదటి ఏడాదికే చాలదు. కొడుకు ఇస్తానన్నది ఇంకా తక్కువ, వాడి ఇంటద్దె వాడికుంది. ఈసారి సభలో కొత్తగా కాలేజీకి వెళ్లే పిల్లలు మాట్లాడాలి, విన్న దాతలు అక్కడే ఎవరిని చదివించాలో ఎంచుకుంటారు. చిన్నదాని చదువు ఆ సభలో తేలిపోతుంది.

మేడమ్ ఒక మధ్యాహ్నం స్వయంగా షెడ్డుకి వచ్చింది. అక్కడున్న వంకర కుర్చీలో కూర్చుంది. దాని కాలు విరుగుతుందేమోనని నేను ఆశగా చూశాను, కానీ బావ చేతిలో పడ్డ కుర్చీ అంత తేలిగ్గా విరగదు. ఆవిడ బావని పలకరించింది, టీ తాగింది, చిన్నదాని మార్కులు మెచ్చుకుంది. ఆ తర్వాత, ఏమాత్రం మొహమాటం లేకుండా, బావ ఎదురుగానే, పిల్ల ఏం చెప్పాలో వివరించింది. నాన్న తాగేవాడు, అమ్మని కష్టపెట్టేవాడు, చివరికి పోయాడు. చిన్నది బిత్తరపోయి, మా నాన్న ఇక్కడే ఉన్నారు కదండీ అంది. మేడమ్ గొంతులోకి తడి వచ్చింది.

"మీ అన్నయ్యకి లేని నాన్న నీకెలా ఉంటాడమ్మా? ఇద్దరూ ఒకే ఇంటి పిల్లలు. కథ కలవాలి కదా."

ఆ మాటకి జవాబు ఉంటే నాకూ చెప్పండి. నేను బోలెడు వెధవ ఉపన్యాసాలు విన్నాను, అంత నిఖార్సయిన మాట ఎక్కడా వినలేదు. మావాడు ఒకడు నోరు జారితే, ఇంటిల్లిపాదీ ఆ జారిన చోటే నిలబడాలన్నమాట.

ఆవిడ వెళ్లాక ఇంట్లో రభస అయింది. చిన్నది ఛస్తే చెప్పనంది. అన్న వచ్చి బుజ్జగించాడు, ఒక్క ఐదు నిమిషాలు కళ్లు మూసుకుని చెప్పేస్తే జీవితం బాగుపడుతుందే అన్నాడు. నీ జీవితం బాగుపడింది కదా, కళ్లు ఎప్పుడు తెరుస్తావు అని నేనన్నాను. మా అక్క ఇద్దర్నీ కలిపి తిట్టింది. ఎవరూ బావని అడగలేదు, ఎప్పటిలాగే. కాసేపటికి ఆయనే షెడ్డులోంచి వచ్చి, గుమ్మం దగ్గర నిలబడి, చెప్పెయ్ తల్లీ అన్నాడు. మాటలతో మనిషి పోడనీ, సీటు మాత్రం పోతుందనీ అన్నాడు. ఆయన ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడటంతో పిల్ల నోరు మూతపడింది.

సభకి ముందు రోజు నేను వైర్లు తీసుకోవడానికి షెడ్డుకి వెళ్లాను. బావ తడిగుడ్డతో ముందు వరస కుర్చీలు తుడుస్తున్నాడు. చిన్నది ఎదురుగా బోర్లించిన బకెట్ మీద కూర్చుని మేడమ్ చెప్పిన మాటలు వల్లె వేస్తోంది. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా నాన్న పోయారు అంది. బావ తుడవడం ఆపాడు.

"తొమ్మిది కాదు తల్లీ. అన్నయ్య కాలేజీలో చేరిన ఏడాది కదా నేను పోయింది. అప్పటికి నువ్వు ఆరులో ఉన్నావు."

పిల్ల ఆరో తరగతి అని దిద్దుకుని మళ్లీ మొదలుపెట్టింది. తండ్రి చావుకి తండ్రే తప్పులు దిద్దుతున్నాడు. నాకు అక్కడ నిలబడబుద్ధి కాలేదు, వైర్లు తీసుకుని వెళ్లబోయాను. అప్పుడాయన గుడ్డ పిండుతూ, ఎటో చూస్తూ, ఆ తాగుడు ఒక్కటీ తీసేయమని మేడమ్‌ని అడగవా అన్నాడు. ఏదైనా జబ్బుతో పోయానని చెప్పొచ్చు కదా, లారీ గుద్దిందనైనా చెప్పొచ్చు కదా అన్నాడు. ఎన్ని రకాల చావులైనా ఒప్పుకుంటాడు. అదొక్కటే వద్దు. పిల్ల వెంటనే ఫోన్ చేసింది. అవతలి నుంచి మేడమ్ ఓపిగ్గా చెప్పిన జవాబు నాకూ వినపడింది. తాగుడు తీసేస్తే తప్పు ఎవరిదవుతుందమ్మా, తప్పు ఎవరిదో తెలియకపోతే జనానికి ఎలా ఏడుపొస్తుంది అంది. చిన్నది ఫోన్ పెట్టేసి వాళ్ల నాన్న వైపు చూసింది. సరేలే, కానీయ్ అన్నాడాయన.

సభ రోజు హాలు నిండింది. పూలగుత్తులు, మెరిసే బ్యాగులు, మేడమ్‌కి కొత్త చీర. బావ పొద్దున్నే వచ్చి వరసలు సర్దేశాడు. పెద్దాయన కోసం చేతులున్న కుర్చీని నడవ పక్కన వేసి, రెండుసార్లు తుడిచాడు. నేను వేదిక పక్కన నా మిక్సర్ దగ్గర కూర్చున్నాను. మొదట మావాడు మాట్లాడాడు. ఏళ్ల తరబడి చెప్పి చెప్పి వాడి చెయ్యి తిరిగిపోయింది. ఎక్కడ గొంతు ఆపాలో, ఎక్కడ కింద పెదవి కొరకాలో వాడికి తెలుసు. తాగి వచ్చిన నాన్న తన పుస్తకాలు చించేసిన ఘట్టం కొత్తగా చేర్చాడు. ఆ పుస్తకాలకి అట్టలు వేసింది ఎవరో నాకు తెలుసు. వాణ్ని కన్నది మా అక్క కాకపోతే ఆ క్షణంలో నేను వేదికెక్కి ఏం చేసేవాణ్నో చెప్పలేను. హాలంతా ముక్కులు చీదుతున్న చప్పుడు. పెద్దాయన ఎప్పటిలాగే బావురుమన్నాడు.

తర్వాత చిన్నదాన్ని పిలిచారు. అది మైకు పట్టుకుని నమస్కారం పెట్టి, మార్కులు చెప్పింది, సీటు వచ్చిన కాలేజీ చెప్పింది. గొంతు బాగానే ఉంది. ఆరో తరగతిలో ఉండగా అని మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడే ఆలస్యంగా వచ్చిన ఒక కుటుంబం వెనక నిలబడితే, బావ పక్క తలుపులోంచి కుర్చీల దొంతర భుజానికెత్తుకుని లోపలికి వచ్చాడు. చప్పుడు కాకుండా పిల్లిలా నడుస్తున్నాడు. పిల్ల ఆయన్ని చూసి ఆగింది. ఏడుపు ఆపుకుంటోందనుకుని జనం ఇంకా జాలిగా చూశారు. ఆయన భుజం మీది బరువు దించకుండానే, చెప్పమ్మా చెప్పు అన్నట్టు తలాడించాడు.

"మా నాన్న ఎప్పుడూ తాగలేదండీ" అంది పిల్ల.

అదొక్కటే మార్చి, మిగతాది మేడమ్ చెప్పినట్టే చెప్పేద్దామనుకుందట. తర్వాత నాతో అంది. చావు ఉంచి తాగుడు తీసేస్తే నాన్న అడిగింది చేసినట్టవుతుంది, సీటూ దక్కుతుంది అనుకుంది. కానీ అన్న ఇప్పుడే కదా తాగిన నాన్న చేత పుస్తకాలు చించించి కూర్చున్నాడు. జనం ముఖాలు చూసుకున్నారు. పెద్దాయన తన గట్టి గొంతుతో, మీ అన్న తాగి పోయాడన్నాడు కదమ్మా, మరి ఎలా పోయాడు అని అడిగాడు. పిల్ల వేదిక మీదున్న అన్నని చూసింది. వాడు తేలు కుట్టిన దొంగలా శాలువా సర్దుకున్నాడు. మేడమ్ నా వైపు తిరిగి మైకు కట్టేయమని సైగ చేసింది. నేను వైరులో ఏదో లోపం వెతుకుతున్నట్టు వంగి, అలాగే ఉండిపోయాను.

"పోలేదండీ" అంది చిన్నది. "అదిగో, ఆ తలుపు దగ్గర కుర్చీలు మోస్తున్నారు."

హాలు మొత్తం వెనక్కి తిరిగింది. ఇన్నేళ్లలో మొదటిసారి వాళ్లు ఆయన ముఖం చూశారు. ఆయన ఏం చేయాలో తెలియక, కుర్చీలు దించి, నిలబడ్డ కుటుంబానికి ఒక్కొక్కటే వేయడం మొదలుపెట్టాడు. అప్పుడు ఆ జనాన్ని చూడాల్సింది. బతికున్న మనిషి మీద మన్ను పోశామే అన్న బాధ ఒక్కరికీ లేదు. ఊరికే ఏడ్పించారన్న కోపం. ఫ్యాను కిందావిడ చేతిరుమాలు వంక చూసుకుంటూ, ఇన్నేళ్లూ మోసం చేశారు అంది. ఒకాయన లేచి వెళ్లిపోయాడు. మంచి మనుషులు పాపం, కార్చిన కన్నీళ్లు వాపసు అడిగే వీలు లేదు కదా. మేడమ్ ఏదో సర్దిచెప్పబోయింది కానీ గొంతులో ఈసారి తడి రాలేదు. మావాడు శాలువా కుర్చీ మీద వదిలేసి వెనక మెట్ల మీంచి జారుకున్నాడు. వాడు ఇప్పటికీ నాకు ఎదురుపడితే ఫోన్‌లో మాట్లాడుతున్నట్టు నటిస్తాడు.

మీరు కంగారు పడకుండా ఒక సంగతి ఇక్కడే చెప్పేస్తాను. చిన్నది చదువుతోంది. ఫీజు ఆ పెద్దాయనే కట్టాడు, సంస్థతో సంబంధం లేకుండా తిన్నగా కాలేజీకి కడుతున్నాడు. వేదికలెక్కమని అడగడు. వాళ్ల నాన్న భుజానికి అది రోజూ ఏవో వ్యాయామాలు చేయిస్తోంది, ఆయన నొప్పికి మూలుగుతూనే చేస్తాడు. అయినా ఆ పెద్దాయన మహానుభావుడని మాత్రం నాతో అనిపించలేరు. కట్టే ముందు ఆయన నోట వచ్చిన మొదటి మాట అందరితో పాటు నేనూ విన్నాను.

కర్ర పట్టుకుని లేచి, నడవలో నాలుగడుగులు వేసి, బావ ముందు నిలబడ్డాడు. ఎగాదిగా చూశాడు. నువ్వేనా ఈ పిల్లల తండ్రివి అన్నాడు. అవునండీ అన్నాడు బావ, చేతిలో ఇంకా ఒక కుర్చీ ఉంది. తాగవా అన్నాడు. తాగనండీ. ఒంట్లో బాగానే ఉందా? బాగానే ఉందండీ. రోజూ పని చేస్తావా? చేస్తానండీ. పెద్దాయన ముఖంలోకి ఏదో చిరాకు వచ్చింది, బేరంలో మోసపోయిన మనిషికి వచ్చే చిరాకు.

"తాగుడు లేదు, జబ్బు లేదు, పని చేసుకునే మనిషివి. మరి నీ పిల్లల్ని నువ్వే చదివించుకోవచ్చు కదయ్యా?"

బావ చేతిలో ఉన్న కుర్చీని నేల మీద సరిగ్గా ఆనించి, వీపు మీద చెయ్యేసి నొక్కి చూసి, ఆయన కూర్చోవడానికి వీలుగా వెనక పెట్టాడు.

"అదేనండీ నా వల్ల కాలేదు" అన్నాడు. "అందుకే చచ్చిపోయాను."